అకౌంట్లు హైదరాబాద్‌కి ఇచ్చేద్దామా, ఒక్కచోట పెట్టుకుందామా: భీమవరంలో మా అనుభవం

ముందే చెప్పేస్తాను. మీ కంపెనీలో ఎవరైనా "అకౌంట్లు, జీతాల పని బయటి సంస్థకి ఇచ్చేస్తే సగం ఖర్చుతో అయిపోతుంది" అంటే వెంటనే తలూపకండి. "అదేం అక్కర్లేదు, మనమే ఒక కామన్ ఆఫీసు పెట్టుకుంటే పైసా ఖర్చుండదు" అన్నవాళ్ళకీ ఊపకండి. 2024 జూన్ నుంచి 2025 సెప్టెంబరు దాకా మేం ఈ రెండు మాటల మధ్యే తిరిగాం. ఏం జరిగిందో, ఎంతయిందో, ఎక్కడ ఎన్నాళ్ళు ఆగాల్సి వచ్చిందో వరసగా రాస్తున్నాను. మేం మొదలెట్టినప్పుడు మాలాంటి ఊళ్ళో మాలాంటి సైజు వాళ్ళ అనుభవం ఒక్కటీ దొరకలేదు, దొరికినవన్నీ వేలమంది ఉద్యోగులున్న కంపెనీల కబుర్లే.

నేను భీమవరంలో ఒక కుటుంబ గ్రూపులో చీఫ్ అకౌంటెంటుని. నాలుగు కంపెనీలు. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు చైర్మన్ గారి అల్లుడు గారు చూస్తారు. తణుకు వైపు ఉన్న రైస్ మిల్లు చైర్మన్ గారి తమ్ముడు గారిది. మేత డీలర్‌షిప్, ఆకివీడు, కాళ్ళ, గణపవరం, మొగల్తూరు డిపోలతో సహా, చైర్మన్ గారి చేతిలోనే ఉంది. ఐస్ ఫ్యాక్టరీ పేరుకి అందరిదీ, అంటే ఎవరిదీ కాదు. నాలుగింటికీ కలిపి అకౌంట్లలో 22 మందిమి. ఎవరి టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) వాళ్ళది, ఎవరి అలవాటు వాళ్ళది.

గొడవ మొదలైంది బ్యాంకులో. జూన్‌లో సీసీ లిమిట్ (స్టాకు చూపించి బ్యాంకులో వాడుకునే అప్పు) రెన్యువల్‌కి వెళ్తే, నెలనెలా ఇవ్వాల్సిన స్టాకు స్టేట్‌మెంట్లు రెండు కంపెనీలవి ఆలస్యమయ్యాయని పీనల్ చార్జీలు వేసి ఉన్నాయి. అది సరే, ప్లాంటు పుస్తకాల్లో మేత కంపెనీకి ఇవ్వాల్సింది ఒక అంకె, మేత కంపెనీ పుస్తకాల్లో ప్లాంటు నుంచి రావాల్సింది ఇంకో అంకె. మేనేజరు గారు రెండు బ్యాలెన్స్ షీట్లూ పక్కపక్కన పెట్టి "ఏది నమ్మమంటారండీ?" అని అడిగారు, చాలా మర్యాదగానే. చైర్మన్ గారు దారి పొడుగునా మాట్లాడలేదు.

ఆ ఆదివారం ఇంట్లో మీటింగు. బెంగళూరులో కొన్నాళ్ళు పనిచేసి వచ్చిన చిన్నబాబు గారు ల్యాప్‌టాప్ తెరిచి, మనం రొయ్యలూ మేతా అమ్ముకునేవాళ్ళం, ఓచర్లు రాయడం మన వ్యాపారం కాదు, అవుట్‌సోర్సింగ్‌కి ఇచ్చేద్దాం అన్నారు. అల్లుడు గారు, పెద్ద కంపెనీలు షేర్డ్ సర్వీసెస్ అని చేస్తాయి, నలుగురి పనీ ఒకచోట పెడితే సగం మంది చాలు అన్నారు. తమ్ముడు గారు "మీరేదైనా చేసుకోండి, నా మిల్లు జోలికి మాత్రం రాకండి" అన్నారు. చైర్మన్ గారు అందరి మాటా విని నా వైపు తిరిగి, "లెక్కలు తియ్యమ్మా, దసరాకి తేల్చేద్దాం" అన్నారు. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది, సంక్రాంతి కూడా వెళ్ళింది. తేలింది శివరాత్రి ముందు.

జూలై, ఆగస్టు మొత్తం ఒక్కటే పని, ఎవరు రోజంతా ఏం చేస్తున్నారో పక్కన కూచుని రాసుకోవడం. ఈ ఏడాది పైచిలుకులో నాకు బాగా టెన్షన్ పెట్టింది ఇదే. నోట్‌బుక్ పట్టుకుని పక్కన కూచుంటే ఎవరైనా ఉద్యోగం పోతుందనే అనుకుంటారు కదా. ఏళ్ళ తరబడి నాతో కలిసి టీ తాగినామె, "మేడం, మా అమ్మాయి ఇంజనీరింగ్ ఇంకా రెండేళ్ళుందండీ" అని మాత్రం అని తల దించుకుని పని చేసుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు చైర్మన్ గారి దగ్గరికెళ్ళి, ఎవర్నీ తీసెయ్యమని మీరు మాటివ్వండి, లేకపోతే నాకు ఎవరూ నిజం చెప్పరు అన్నాను. ఆయన నాలుగు ఆఫీసులకీ స్వయంగా వెళ్ళి చెప్పారు. అప్పటినుంచే అసలు వివరాలు బయటికి రావడం మొదలైంది. మీరు ఇలాంటి పని పెట్టుకుంటే ముందు ఆ మాట ఇప్పించండి, నోట్‌బుక్ తర్వాత.

బయటపడిన విషయాలు వింటే నవ్వొస్తుంది. ప్లాంటు అకౌంటెంటు రోజులో మూడోవంతు అసలు అకౌంట్ల పనే కాదు. అల్లుడు గారి పిల్లల స్కూలు ఫీజులు, తిరుమల దర్శనం టికెట్లు, కరెంటాఫీసు చుట్టూ తిరగడం, విదేశీ బయ్యరు వస్తే గన్నవరానికి కారు పంపడం. ఏ సంస్థ కొటేషన్‌లోనూ వీటికి లైను ఉండదు, కానీ ఎవరో ఒకరు చెయ్యాల్సిందే. మిల్లులో గుమస్తా గారు నూకలు, తవుడు, ఊక లెక్క ఇప్పటికీ చేతిపుస్తకంలో రాస్తారు, సార్వాకి ఒక పుస్తకం, దాళ్వాకి ఒకటి. టాలీలో నెలాఖరున ఒక్క ఎంట్రీ. నేను అడిగితే "కంప్యూటర్ పోతే మిల్లు ఆగకూడదు కదండీ" అన్నారు. కాదనడానికి నాకేం దొరకలేదు.

అసలు ముడి మాత్రం రైతు ఖాతా. మా దగ్గర రైతు మేత అరువు పట్టుకెళ్తాడు. మూడు నాలుగు నెలలకి పట్టుబడి అయ్యాక, అంటే చెరువులో రొయ్యలు పట్టాక, సరుకు మా ప్లాంటుకి తోలితే, ఆ బిల్లులో మేత బాకీ, ఐసు డబ్బులు పట్టుకుని మిగతాది ఆయన బ్యాంకులో వేస్తాం. అంటే ఒకే మనిషి మూడు కంపెనీల పుస్తకాల్లో ఉంటాడు. దానికితోడు మా వైపు ఒకే ఊళ్ళో ఒకే ఇంటిపేరు, ఒకే పేరుతో ముగ్గురు రాజుగార్లు ఉండటం వింతేం కాదు. మా డిపో కుర్రాళ్ళకి వాళ్ళు "బుల్లెట్ ఆయన", "గట్టు మీద ఆయన", "హైదరాబాద్ అల్లుడు". టాలీలో మాత్రం 1, 2, 3. బ్యాంకులో అడిగిన ఆ రెండు అంకెల తేడా అంతా ఇక్కడిదే.

కొటేషన్లకి మూడు సంస్థల్ని పిలిచాం, హైదరాబాద్ నుంచి ఒకటి, విశాఖ నుంచి ఒకటి, విజయవాడలో ఒక ఆడిటర్ల సంస్థ. హైదరాబాద్ వాళ్ళు సెప్టెంబరు మొదటివారం రావాలి. అప్పుడే బుడమేరు పొంగి విజయవాడ మునిగింది, అటు మహబూబాబాద్ దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. వాళ్ళు వచ్చేసరికి నెలాఖరైంది. విజయవాడ వాళ్ళ ఆఫీసు కిందంతస్తే నీళ్ళలో ఉంది పాపం, వాళ్ళు తప్పుకున్నారు. విశాఖ వాళ్ళు రైతు ఖాతాల సంగతి విని, జీతాల పని వరకైతే చేస్తామన్నారు. ఇప్పుడు ఆలోచిస్తే నిజాయితీగా మాట్లాడింది వాళ్ళే.

హైదరాబాద్ కొటేషన్ మొదటి పేజీ చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. మా 22 మంది జీతాలు ఏడాదికి 62 లక్షలు, వాళ్ళు అడిగింది 38 లక్షలు. చిన్నబాబు గారు అప్పుడే మిగిలిన 24 లక్షలతో ఏం చెయ్యాలో చెప్తున్నారు. నేను నాలుగో పేజీ నుంచి చదివాను. మార్పిడి ఖర్చు అని మొదటి ఏడాది 6 లక్షలు. ఏటా 7 శాతం పెంపు. మూడేళ్ళు కదలకూడదు. అన్నిటిమీదా 18 శాతం జీఎస్టీ.

ఆ జీఎస్టీ దగ్గరే కథ మారింది. బయట రాసేవాళ్ళు "క్రెడిట్ వస్తుంది కదా" అని, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుని అమ్మినప్పుడు కట్టే పన్నులోంచి తగ్గించుకోవచ్చని, ఒక్క మాటలో తేల్చేస్తారు. మేత మీద జీఎస్టీ లేదు, అమ్మకం మీద పన్ను లేనప్పుడు కొన్నదాని మీద క్రెడిట్ రాదు. మిల్లు సరుకు ఎక్కువగా సివిల్ సప్లైస్‌కీ, 26 కిలోల బస్తాల్లోనూ వెళ్తుంది (25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేస్తే 5 శాతం అని 2022 జూలైలో వచ్చాక 26 కిలోల బస్తాలు ఎందుకు పుట్టాయో మీకు తెలిసే ఉంటుంది), దానికీ క్రెడిట్ లేదు. ప్లాంటు ఎగుమతి కాబట్టి రిఫండు వస్తుంది, అదీ అప్లై చేసి ఎదురుచూశాక. మొత్తం బిల్లు మీద దాదాపు 7 లక్షల జీఎస్టీలో 4 లక్షలు మాకు నేరుగా ఖర్చే. తర్వాత, స్కానింగుకీ, గేటు దగ్గర తూకం చీటీలకీ, రైతులతో మాట్లాడటానికీ ఎలాగూ ఆరుగురు ఇక్కడ ఉండాలి, అది 16 లక్షలు. 38, 4, 16 కలిపితే 58. మొదటి ఏడాది మార్పిడి ఖర్చుతో 64. మాకిప్పుడు అవుతున్నది 62. చిన్నబాబు గారు కాలిక్యులేటర్ నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ వేసుకున్నారు, అదే వచ్చింది. రెండో ఏడాది నుంచి 4 లక్షలు మిగులుతాయి గానీ అందులో రెండున్నర లక్షలు వాళ్ళ పెంపుకే పోతాయి. మా జీతాలూ పెరుగుతాయనుకోండి, అది వేరే సంగతి.

మరి కామన్ ఆఫీసు? దాన్ని వేరే కంపెనీగా పెడదామని అల్లుడు గారి ఆలోచన. మా ఆడిటరు గారు అక్కడే ఆపేశారు. వేరే కంపెనీ అయితే అది అన్నదమ్ముల కంపెనీలకే అయినా సర్వీసు కిందే లెక్క, ఊరికే చేశామన్నా కుదరదు, ఖర్చు మీద 10 శాతం కలిపి విలువ కట్టి 18 శాతం పన్ను వెయ్యాలి, మళ్ళీ మేతకీ మిల్లుకీ క్రెడిట్ రాదు. చివరికి ఆయనే దారి చెప్పారు. ఒక కంపెనీ పనే చేసేవాళ్ళు ఆ కంపెనీ జీతం మీదే ఉంటారు, కూచోవడం మాత్రం ఒకచోట. అందరి పనీ చేసే నాలాంటి నలుగురు ప్లాంటు జీతం మీద ఉండి, ఆ ఖర్చు వరకు మాత్రం మిగతా వాళ్ళకి బిల్లు. ఈ ఒక్క సలహాకి ఆయనకి ఎంత ఇచ్చినా తక్కువే.

అయినా చిన్నబాబు గారికి మనసు ఒప్పలేదు, ఒకసారి చేసి చూద్దామన్నారు. నవంబరు నుంచి జనవరి దాకా ట్రయల్. ప్లాంటు రైతు బిల్లులు, మేత కంపెనీ పుస్తకాలు, నాలుగు కంపెనీల జీతాలు హైదరాబాద్‌కి. రెండున్నర లక్షలు, పైన జీఎస్టీ.

మొదటి వారం పట్టుబడి చీటీలు స్కాన్ చేసి పంపాం. చీటీ మీద 40 కౌంటు, 1,850 కిలోలు అని ఉంది, అంటే కిలోకి 40 రొయ్యలు తూగే సరుకు. అక్కడి కుర్రాడు 40 కిలోలు అని ఎక్కించాడు. ఆ కుర్రాణ్ణి ఏమనను, కౌంటంటే లెక్క అనుకున్నాడు. రైతుకి లక్షల్లో రావాల్సింది వేలల్లో పడితే ఆయన రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోన్ చేసి, "ఏమ్మా, మిగతాది మీ ప్లాంటువాళ్ళు తిన్నారా, లేక చెరువులోనే వదిలేశానంటావా?" అన్నారు. సరిచెయ్యమని హైదరాబాద్‌కి ఫోన్ చేస్తే "టికెట్ రెయిజ్ చెయ్యండి మేడం, 48 గంటల్లో చూస్తాం" అన్నారు. టికెట్ అంటే వాళ్ళ కంప్యూటర్లో ఫిర్యాదు నమోదు చెయ్యడం. ఆ 48 గంటలు కూడా పనిదినాల్లో. మా పట్టుబడులేమో తెల్లవారుజామున, ఆదివారాలు కూడా. చెరువు లీజు, కరెంటు, కూలీలు అన్నీ నెత్తి మీద ఉన్న రైతుకి టికెట్ నంబరు చెప్తే ఏం వింటాడు? డిసెంబరుకల్లా ఆ టికెట్లు పెట్టడానికే ఇక్కడ ఒక మనిషిని కూచోబెట్టాల్సి వచ్చింది.

ఇంకో చిన్న విషయం, ఎవరూ ముందు చెప్పరు. రిటర్నులు వేయడానికి చైర్మన్ గారి డిజిటల్ సంతకం టోకెన్ హైదరాబాద్‌లో ఉంచాలన్నారు. ఆయన "నా సంతకం నా బీరువాలోనే ఉంటుంది" అని ఖరాకండీగా చెప్పేశారు. దాంతో ప్రతిదానికీ ఓటీపీ. ఆయన భోంచేసేవేళకే ఫోన్ వచ్చేది, ఫోనేమో డ్రైవర్ దగ్గర ఉండేది.

ఒక పని మాత్రం వాళ్ళు మాకంటే వంద రెట్లు బాగా చేశారు, జీతాలు. ప్లాంటులో పీలింగ్ షెడ్డు ఆడవాళ్ళు సీజన్‌లో నాలుగొందల మంది దాకా వస్తారు, సగంమందికి ఆధార్‌లో పేరు ఒకటి, పీఎఫ్‌లో ఇంకొకటి. పెళ్ళి కాకముందు ఇంటిపేరు, అయ్యాక ఇంటిపేరు, మధ్యలో అక్షరాలు తేడా. దీనివల్ల సొంత పీఎఫ్ డబ్బులే తీసుకోలేక ఏళ్ళ తరబడి మా చుట్టూ తిరిగినవాళ్ళున్నారు. ఆ సంస్థలో ఇద్దరమ్మాయిలు లిస్టు పట్టుకుని కూచుని, డిసెంబరు చివరికి చాలావరకు సరిచేశారు. ఈఎస్ఐ కార్డులు అందాయి. ఒకామె పాత పీఎఫ్ డబ్బు చేతికొచ్చిన రోజు మా ఆఫీసు మొత్తానికి పూతరేకులు తెచ్చింది. రోజూ ఇదే పని చేసేవాళ్ళకీ నెలకోసారి చేసే మాకూ తేడా ఆ రోజు తెలిసింది.

జనవరి సంగతి చెప్పాలి. గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి ఆఫీసు నడవదు, నడుస్తుందని ఎవరైనా అంటే వాళ్ళు ఇక్కడివాళ్ళు కాదు. మామూలుగా జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల జీఎస్టీ రిటర్ను, గడువు 11. ఆ ఏడు 10వ తేదీ పోర్టల్ మొరాయించింది, గడువు 13కి జరిపారు, అది సరిగ్గా భోగి. పీఎఫ్, ఈఎస్ఐలకి 15, అది కనుమ. బయటి సంస్థ ఉందిగా, మనం పండగ చేసుకోవచ్చని నిశ్చింతగా ఉన్నాం. 12వ తేదీ ఫోన్ చేస్తే టీమ్ లీడరు ఎత్తాడు, వెనకాల మైకులో కోడిపందేల అనౌన్స్‌మెంటు. ఎక్కడున్నారండీ అంటే "ఆయ్, మాది మొగల్తూరేనండీ, పండక్కొచ్చాను" అన్నాడు. వాళ్ళ టీములో సగంమంది మన గోదావరోళ్ళేనట. ఆయన మా ఆఫీసుకే వచ్చి కూచుని, మా నెట్ వాడుకుని, మా టీ తాగి రిటర్ను వేసి వెళ్ళాడు. మంచి కుర్రాడు, ఇప్పటికీ ఫోన్ చేస్తుంటాడు.

ఆ మాట మీదే మా ఆఫీసులో సీనియర్ డేటా ఎంట్రీ ఆవిడ ఒక మాట అంది. ఆమె సుమారు ఇరవై ఏళ్ళ కిందట బైర్రాజు ఫౌండేషన్ వాళ్ళు జల్లికాకినాడలో పెట్టిన గ్రామ్‌ఐటీ సెంటర్‌లో పనిచేసింది. ఈతకోటలో కూడా పెట్టారు, గుర్తుందా, పల్లెటూళ్ళో బీపీవో అని అప్పట్లో అందరూ చూడ్డానికి వెళ్ళేవారు. "అప్పుడు హైదరాబాద్ పని మా ఊళ్ళో కూచుని మేం చేశాం, ఇప్పుడు మన పని చేయించడానికి హైదరాబాద్ వెళ్ళడమేంటండీ?" అంది. చిన్నబాబు గారు పక్కనే ఉన్నారు. అప్పుడేం అనలేదు గానీ ఫిబ్రవరి మీటింగులో ఆమె పేరు చెప్పి ఇదే మాట ఆయనే అన్నారు.

ఫిబ్రవరిలో తేలింది. జీతాలు, పీఎఫ్, ఈఎస్ఐ బయటికి, తలకి నెలకి 110 రూపాయల చొప్పున. మిగతా అకౌంట్లన్నీ భీమవరంలో ఒకే ఆఫీసుకి. అగ్రిమెంటు మీద సంతకానికి ఇంకో నెల పట్టింది, మూడు మాటల దగ్గర పేచీ. వాళ్ళ వల్ల ఆలస్యమై జరిమానా పడితే ఎంతవరకు భరిస్తారు? వాళ్ళ డ్రాఫ్టులో ఒక నెల ఫీజు వరకే అని ఉంది, మూడు నెలలకి ఒప్పుకున్నారు. మేం వివరాలు ఏ తేదీకల్లా పంపితే బాధ్యత వాళ్ళదవుతుంది? 3వ తేదీ అని రాయించాం. విడిపోతే మా డేటా ఎలా తిరిగిస్తారు? ఈ ప్రశ్న అడగకపోతే పీడీఎఫ్‌లు ఇచ్చి చేతులు దులుపుకునేవారు, ఎక్సెల్‌లో ఇవ్వాలని రాయించాను. కనీసం 350 మందికి బిల్లు అనే షరతు కూడా ఉంది. సీజన్ బాగుంది కదా అని అల్లుడు గారు దాని మీద పట్టుబట్టనివ్వలేదు.

కామన్ ఆఫీసుకి పాత మేత గోడౌన్ పైఅంతస్తు ఇచ్చారు. అద్దె లేదు కాబట్టి ఖర్చు లేదనుకున్నారు. వేర్వేరు నెట్ కంపెనీల లైన్లు రెండు, ఇన్వర్టర్లు, స్కానర్లు, టాలీకి సర్వరు, వైరింగు, ఆడవాళ్ళకి వేరే బాత్రూములు, కింద నుంచి వచ్చే మేత వాసనకి ఏసీలు. 11 లక్షలు అనుకున్నది 14 దాటింది. ఏసీలు పెట్టినా ఆ వాసన పోలేదు, ఇంటికెళ్తే మా పిల్లి నా చీర వదలట్లేదు.

మనుషుల్ని కదపడం డబ్బుకంటే కష్టం. ఆకివీడు నుంచి వచ్చే అమ్మాయిలకి బస్సు టైము కుదరక పది గంటల ఆఫీసుని పదిన్నర చేశాం, దారి ఖర్చు ఇచ్చాం. అయినా ఇద్దరు మానేశారు. ఒకాయన రిటైరయ్యారు. ముగ్గురు కొనుగోళ్ళు, గోడౌన్ పనుల్లోకి వెళ్ళారు, నిజం చెప్పాలంటే వాళ్ళకి అదే నచ్చింది. మిల్లు గుమస్తా గారు రానన్నారు. మధ్యాహ్నం ఇంటికి నడిచి వెళ్ళి భోంచేసే మనిషి, 2026 మార్చిలో రిటైర్మెంటు. తమ్ముడు గారు ఆయన వెనక గోడలా నిలబడ్డారు. వదిలేశాం. అలా 15 మందిమి మిగిలాం. ఎవరినైనా ఒక కంపెనీ జీతం నుంచి ఇంకో కంపెనీకి మారిస్తే గ్రాట్యుటీకి పాత సర్వీసు కలుస్తుందని కాగితం మీద రాసి ఇవ్వండి, నోటిమాటతో ఎవరూ కదలరు, కదలకూడదు కూడా.

2025 ఏప్రిల్ 1న మొదలెట్టాం. మర్నాడే అమెరికాలో ట్రంప్ సుంకాలు ప్రకటించాడు, మనకి 26 శాతం అన్నారు. రొయ్యల రేటు రాత్రికి రాత్రి పడిపోయింది, బయ్యర్లు ఆగమన్నారు, ఇంకా పడుతుందేమోనన్న భయంతో రైతులు రొయ్య ఇంకా చిన్నగా ఉండగానే పట్టుబడులు మొదలెట్టారు. ప్లాంటు గేటు దగ్గర లారీల వరస. వారం తర్వాత 90 రోజులు వాయిదా వేసి 10 శాతంతో ఆపారు గానీ ఆ వారంలో మేం ఆఫీసులో చేసిన పని నాకు ఇప్పటికీ కాళ్ళల్లో నొప్పిగా గుర్తుంది. కానీ కామన్ ఆఫీసు విలువ కూడా అప్పుడే తెలిసింది. మేత చూసే అమ్మాయి, రైతు బిల్లులు చూసే కుర్రాడు పక్కపక్క కుర్చీల్లో ఉన్నారు. "బుల్లెట్ ఆయన మేత బాకీ ఎంత?" అని తల తిప్పి అడిగితే చాలు. పాత పద్ధతిలో అయితే రెండు మూడు రోజులు, హైదరాబాద్‌లో అయితే టికెట్. ఏ రైతుకి ముందు డబ్బు వెయ్యాలి, ఎవరి మేత బాకీ ఇంకో పంట ఆగగలదు అన్నది చైర్మన్ గారికి రోజూ సాయంత్రం ఒక్క కాగితం మీద ఇచ్చాం.

బ్యాంకులో అడిగిన ఆ తేడా తీయడానికి మాత్రం జూన్ చివరి దాకా పట్టింది. ముగ్గురు రాజుగార్ల ఖాతాలు పాన్ నంబర్లతో విడదీస్తే, ఒకాయన మేత బాకీ రెండేళ్ళుగా ఇంకొకాయన సరుకులో కోసేశామని తేలింది. ఇద్దరూ బావాబావమరుదులు కాబట్టి గొడవ కాలేదు, వాళ్ళలో వాళ్ళే సర్దుకున్నారు. ఇంకొకటి, అట్టపెట్టెల సప్లయర్‌కి మూడు కంపెనీల నుంచీ బాకీలున్నాయని మొదటిసారి ఒకచోట కనపడింది. చిన్న పరిశ్రమలవాళ్ళకి ఒప్పందం ఉన్నా 45 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే ఆ ఏడాదికి దాన్ని ఖర్చుగా ఒప్పుకోరు కదా, ఇప్పుడు ఆ తేదీలు గోడ మీద బోర్డుకెక్కాయి.

జూలైలో మొదటి మూడు నెలల బిల్లులు మిగతా కంపెనీలకి పంపాం. టర్నోవరు లెక్కన పంచితే మిల్లుకి లక్షా ఎనభై వేలు, పైన జీఎస్టీ. తమ్ముడు గారు బిల్లు పట్టుకుని నేరుగా చైర్మన్ గారి ఇంటికి వెళ్ళారు. "అన్నయ్య తమ్ముడికి బిల్లేస్తాడా? అదీ పన్నుతో సహా?" అని అడిగారట. రెండు వారాలు అన్నదమ్ములు మాట్లాడుకోలేదు, మధ్యలో నేను. ఆయన కోపంలో న్యాయం ఉంది. బియ్యం టర్నోవరు పెద్దది, ఓచర్లు తక్కువ. ఓచర్ల సంఖ్య లెక్కన మళ్ళీ పంచితే లక్షకి దిగింది, ఆయన ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూనే "ఇంత ఇస్తున్నప్పుడు నా స్టాకు స్టేట్‌మెంటు 5వ తేదీకల్లా రావాలి, రాకపోతే కోత పెడతాను" అన్నారు. బయటి సంస్థని మేం అడిగినవే ఇప్పుడు ఆయన మమ్మల్ని అడుగుతున్నారు. రాసి సంతకం చేసిచ్చాను. అప్పట్నుంచి 5వ తేదీ వస్తోందంటే నాకు గుండె దడే.

ఆగస్టు 7న అమెరికా 25 శాతం వేసింది, 27 నుంచి 50 అయింది. ప్లాంటు ఒక షిఫ్టుకి తగ్గింది, పీలింగ్‌కి వచ్చేవాళ్ళు రెండొందలకి పడిపోయారు. అప్పుడు ఆ 350 మంది షరతు గుర్తొచ్చింది. లేని నూట యాభై మందికి ఆగస్టులో 16,500 రూపాయలు కట్టాం, పైన జీఎస్టీ. పెద్ద మొత్తమేం కాదు గానీ షెడ్డులో పని లేక ఆడవాళ్ళు వెనక్కి వెళ్తుంటే ఆ బిల్లు మీద సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు. సంస్థకి రాస్తే నెల పైన జవాబు లేదు. మొగల్తూరు కుర్రాడే లోపల ఎవరితోనో మాట్లాడినట్టున్నాడు, సెప్టెంబరు చివర్లో ఒప్పుకున్నారు, అక్టోబరు నుంచి కనీసం 180, మూడు నెలల సగటు మీద బిల్లు. మీరు సీజన్ మీద నడిచే వ్యాపారంలో ఉంటే ఆ సగటు మాట సంతకానికి ముందే రాయించుకోండి.

ఖర్చు అంటారా, 2025-26కి పెట్టుబడి 14 లక్షలు పక్కన పెడితే 55 లక్షల దగ్గర తేలేలా ఉంది, పాత 62 బదులు. గోడౌన్‌లోకి మారిన ముగ్గురి జీతాలు ఇందులో లేవు, అవి కలిపితే తేడా పెద్దగా కనపడదు, ఈ విషయం మీటింగులో నేనే చెప్పాను. బ్యాంకు రెన్యువల్ ఈసారి మూడు వారాల్లో అయింది, పీనల్ చార్జీలు లేవు. మిల్లు గుమస్తా గారి చేతిపుస్తకాల కోసం ప్రతి శనివారం మా కుర్రాడు బండి మీద వెళ్ళి ఫొటోలు తీసుకొస్తున్నాడు, మార్చి తర్వాత ఆ పుస్తకం ఎవరు రాస్తారన్నది తమ్ముడు గారు ఇంకా చెప్పలేదు. చిన్నబాబు గారు ఇప్పుడు కంప్యూటర్ల మరమ్మతులు, నెట్‌వర్కు పని బయటికి ఇద్దామంటున్నారు. ఇద్దరిని కొటేషన్ అడిగాను, ఒకళ్ళది వచ్చింది, నాలుగో పేజీ చదువుతున్నాను.